చలికి మాడిన కనకాంబరాన్ని పీకేయవద్దు
మన్యం పెరళ్లలో ఏటా జరిగే నష్టం. ఉగాది వరకు ఆగితే మోడు మళ్లీ చిగురిస్తుంది

చింతపల్లి: నర్సీపట్నంలో ఇంటి ముంగిట విరగబూసే కనకాంబరం, ఘాట్ రోడ్డెక్కి లంబసింగి దాటేసరికి పుష్యమాసంలో ప్రాణం నిలుపుకోవడానికే పెనుగులాడవలసి వస్తుంది. రాత్రి పచ్చగా ఉన్న మొక్క తెల్లవారేసరికి వేడినీళ్లు పోసినట్టు వాలిపోతుంది. రెండు మూడు రోజుల్లో ఆకులు నల్లబడి వేలాడతాయి. కొండమీది ఊళ్లలో పెరడున్న గృహిణులకు ఇది కొత్త సంగతి కాదు. "చలి కొట్టేసింది, ఇక లాభం లేదు" అనుకుని మొక్కను వేళ్లతో సహా పీకి పెంటకుప్ప మీద పారవేయడమూ కొత్త కాదు. విచారించవలసిన విషయమేమంటే, అలా పీకేసిన మొక్కల్లో చాలా వాటికి వేరు బతికే ఉంటుంది. చచ్చింది పైభాగం మాత్రమే.

మైదానంలో కనకాంబరం పెంచడానికి ఎవరి సలహా అక్కరలేదు. మన్యంలో అలా కాదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు, అరకులోయ, అనంతగిరి ప్రాంతాల్లో చాలా ఊళ్లు సముద్రమట్టానికి సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన ఉండడం ఇక్కడ మామూలు. 5 డిగ్రీలకు, అంతకంటె తక్కువకు దిగే రాత్రులు కూడా ఉంటాయి. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదయ్యే అంకెలు ఆ నెలల్లో పత్రికలకెక్కుతూనే ఉంటాయి. లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడట. మనిషి సంగతే అలా ఉంటే మొక్క సంగతి చెప్పేదేముంది? ఆ చలిని, ఆ మంచును చూడడానికే ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు కార్లలో తరలివస్తున్నారు. వారికి వేడుక, కనకాంబరానికి గండం.

కనకాంబరం వెచ్చని నేల మొక్క. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిళ్లు. పగలు 20 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటే దీనికి హాయి. 15 డిగ్రీలకు దిగితే ఎదుగుదల మందగించి, పూత తగ్గుతుంది. 10 డిగ్రీలకు దిగువన కొన్ని రాత్రులు గడిస్తే ఆకు పాడవుతుంది. నీరు గడ్డకట్టే చలి ఒక్క రాత్రి తగిలినా లేత కొమ్మలు మిగలవు. చలిదేశమైన స్వీడన్‌లో ఈ జాతి నుంచే "మోనా వాల్‌హెడ్" అనే పొట్టి రకాన్ని తయారుచేశారు. అక్కడ అది ఇంటిలోపల, అద్దాల కిటికీ పక్కన కుండీలో పెరిగే అలంకార మొక్క. ఆరుబయట దాని జోలికి ఎవరూ పోరు. మన కొండల చలి అంత దారుణమైనది కాదు కనుకనే ఇక్కడ పెరటిలో ఆశ ఉంది.

చేమంతి, గులాబి ఈ చలికి సంతోషంగా పూస్తుంటే కనకాంబరం కోసం ఇంత తంటా ఎందుకని అడిగేవారున్నారు. ఆడవారినడిగితే జవాబు దొరుకుతుంది. గులాబి సాయంత్రానికి రేకులు రాలుస్తుంది. చేమంతి బరువు. కనకాంబరానికి వాసన లేకపోయినా, మాల కట్టి జడలో పెట్టుకుంటే రెండో రోజుకి కూడా వాడదు, రాలదు. నడుమ నాలుగు మరువం రెమ్మలు వేస్తే వాసన కొరతా తీరుతుంది. పైగా పెళ్లిళ్లకు, పేరంటాలకు, అమ్మవారికి ఆ రంగే కావాలి. కొండమీద పూయకపోతే మైదానం నుంచి బస్సెక్కి వచ్చే పూలబుట్టే గతి. సంతలో ఆ మూర ఎంత చెబితే అంత. పెరటిలో పది, ఇరవై మొక్కలున్న గృహిణి తన జడకు మిగిల్చుకుని, మిగిలినవి మాల కట్టి సంతలో అమ్ముకోగలదు. ఉప్పుకో, పిల్లల పుస్తకాలకో ఆ డబ్బు అక్కరకు వస్తుంది. ఏటా జనవరిలో మొక్కలు పీకేసి, ఏటా వర్షాకాలంలో కొత్త నారు కొని పెట్టుకునే ఇంట ఆ రాబడి ఎన్నడూ నిలబడదు. మొదటి ఏటి మొక్కకంటె రెండో ఏటి మొక్క గుబురుగా, ఎక్కువ కంకులతో పూస్తుంది. ఆ రెండో ఏడు చూడకుండానే మన మొక్కలు పోతున్నాయి.

పొగమంచు కాదు, చుక్కల రాత్రి

మొక్క మాడితే మంచు పడి మాడిందంటారు. ఇందులో సగమే నిజం. ముందురాత్రే పొగమంచు కమ్ముకుంటే అది నేలకు దుప్పటి కప్పినట్టే. పగలు నేల తాగిన వేడి పైకి పోకుండా అది కొంత అడ్డుకుంటుంది. మబ్బు పట్టిన రాత్రీ అంతే. అసలు భయపడవలసింది ఆకాశం నిర్మలంగా ఉండి, చుక్కలు మిలమిల మెరుస్తూ, ఆకు కదలనంత గాలి స్తంభించిన రాత్రికి. నేలలోని వేడి అడ్డులేకుండా ఆకాశానికి ఎగిరిపోతుంది. నేలను అంటిన గాలి చల్లబడుతుంది. తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు, చలి అన్నిటికంటె ఎక్కువగా ఉంటుంది. గడ్డి మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు పేరుకునేది అలాంటి రాత్రుల్లోనే. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తే ఆ రాత్రి మొక్కకు గండమో కాదో చాలావరకు తెలిసిపోతుంది.

చల్లగాలి బరువైనది. అది నీటిలాగే మెట్ట నుంచి పల్లానికి జారుతుంది. అందుచేత గెడ్డ ఒడ్డున, వరిమడుల పక్కన, గిన్నెలాంటి పల్లంలో ఉన్న పెరటిలో చలి మడుగు కట్టినట్టు నిలుస్తుంది. అదే ఊళ్లో, అదే రాత్రి, నాలుగు బారల ఎత్తున ఉన్న ఇంటి మొక్కకు ఏమీ కాదు. ఒక ఇంట మొక్క బతికి పక్కింట చస్తే చేతివాసి అంటారు గాని, చాలాసార్లు అది నేల వాలు చేసిన పని. దడి కట్టే తీరు కూడా చూసుకోవాలి. పల్లం వైపున దడిని కంపతో, తాటాకుతో సందులేకుండా బిగిస్తే జారిపోవలసిన చల్లగాలి ఆనకట్ట దగ్గర నీళ్లలా ఆగిపోతుంది. దిగువ దడికి కింద జానెడు సందు వదిలితే అది దాని దారిన అది పోతుంది. మేకలు దూరకుండా రెండు వెదురు బద్దలు అడ్డం కట్టుకుంటే చాలు.

గోడ చాటు, చూరు నీడ

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. కనుక ఇంటికి దక్షిణపు గోడ పగలంతా ఎండ తాగి, రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. మట్టిగోడ, రాతిగోడ ఈ పనిలో దిట్టలు. కనకాంబరానికి అంతకంటె మంచి చోటు లేదు. పడమటి గోడ దాని తరువాతిది. ఉత్తరపు గోడ పక్కన చలికాలమంతా నీడే కనుక అక్కడ పెట్టకపోవడం మేలు. తూర్పు ముఖానికి ఒక చిక్కుంది. రాత్రి బాగా చల్లబడిన లేత ఆకు మీద పొద్దున్నే ఎండ సూటిగా పడితే దెబ్బ మరింత ఎక్కువవుతుంది. మెల్లగా వేడెక్కితే తట్టుకునే ఆకు, ఒక్కసారిగా వేడెక్కితే తట్టుకోలేదు.

పెంకుటింటి చూరు కింద, గోడకు మూరెడు ఎడంగా పెట్టిన మొక్కకు రెండు లాభాలు. గోడ వేడి పక్కనుంచి అందుతుంది. చూరు అడ్డుండడం వల్ల మొక్క తల మీద ఖాళీ ఆకాశం ఉండదు. పెరటిలో పనసచెట్టు ఉంటే దాని కొమ్మల అంచున పెట్టినా కొంతవరకు ఇదే మేలు జరుగుతుంది. కాఫీ మొక్కలను సిల్వర్ ఓక్ నీడన పెంచే రైతులకు గొడుగు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కాకపోతే కనకాంబరానికి పగలు నాలుగైదు గంటలైనా ఎండ పడాలి. చిక్కటి నీడలో మొక్క బతుకుతుంది గాని పూయదు. చూరు కింద పెట్టేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. వానాకాలంలో చూరు నీళ్లు మొదట్లో పడి నిలిస్తే చలిదాకా కూడా ఆగదు, వేరు కుళ్లి ముందే పోతుంది. అందుకని మొక్కను బోదె మీద పెట్టి, చూరు ధార పడే చోట చిన్న కాలువ తీయాలి.

ఇక కప్పడం సంగతి. చాలామంది పాత చీర తెచ్చి మొక్క నడుముకు చుట్టి ముడివేస్తారు. మనిషికి శాలువా కప్పినట్టు! మనిషి ఒంట్లో వేడి పుడుతుంది కనుక శాలువా పనిచేస్తుంది. మొక్క ఒంట్లో వేడి పుట్టదు. వేడి ఉన్నది నేలలో. కప్పు ఆ నేల వేడిని పట్టి ఉంచాలంటే గుడారంలా నాలుగు వైపులా నేలకు ఆనాలి. దీనికి కొండమీది ప్రతి ఇంటా ఉండే కోళ్ల గంపను మించినది లేదు. సాయంత్రం పొద్దు వాలకముందే మొక్క మీద గంప బోర్లించి, దాని మీద గోనెపట్టా పరిచి, అంచున రెండు రాళ్లు పెడితే ఆకును ఏదీ తాకదు, వేడి బయటికి పోదు. గంపలో పట్టని పెద్ద మొక్కకు మూడు వెదురు కర్రలు పాతి పట్టా కప్పాలి. ప్లాస్టిక్ పట్టా మాత్రం ఆకుకు తగలరాదు. తగిలినచోట ఆకు మాడుతుంది. ఉదయం ఎండ కాస్త ముదిరాక కప్పు తీసెయ్యాలి. తీయడం మరిచిపోతే లోపల చెమ్మ పట్టి ఆకు కుళ్లుతుంది. అన్ని రాత్రులూ కప్పనక్కరలేదు. పైన చెప్పిన చుక్కల రాత్రులకు కప్పితే సరిపోతుంది.

నూనె డబ్బాల్లో, పగిలిన కుండల్లో, పాత బక్కెట్లలో మొక్కలున్నవారిది సులువు. రాత్రికి వసారాలోకి తెచ్చి, పగలు ఎండలో పెట్టుకోవచ్చు. పొయ్యి ఉన్న గదిలో రాత్రి ఉంచినా నష్టంలేదు. అయితే బద్ధకించి వారం రోజులు చీకటి గదిలోనే వదిలేస్తే ఆకు రాల్చేస్తుంది. డబ్బాకు అడుగున చిల్లులుండాలన్నది వేరే చెప్పాలా?

నీరు పోసే వేళ కూడా మార్చుకోవాలి. సాయంత్రం పని తీరాక, బిందెలో మిగిలిన నీళ్లు మొక్క నెత్తిన కుమ్మరించడం మనకు అలవాటు. చలికాలంలో అది తగదు. తడిసిన ఆకుకు చలి రెట్టింపు. వారానికి ఒకటి రెండు సార్లు, పదకొండు గంటల ఎండలో, మొదట్లోనే పోయాలి. ఒక మాదిరి తడి ఉన్న నేల పగటి వేడిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది. దుమ్ములా ఎండిన నేల పట్టి ఉంచలేదు. బురదగా ఉన్న నేలలో వేరు కుళ్లుతుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్దకట్టి, వేలితో తాకితే విడిపోయే తడి సరైనది.

దసరా తరువాత యూరియా వేయరాదు. వేస్తే మొక్క లేత చిగుళ్లతో నవనవలాడుతుంది, సరిగా అప్పుడే చలి వచ్చి పడుతుంది. లేత చిగురే చలికి మొదటి బలి. వలిసె చేలు పచ్చగా పూసే వేళకు మొక్కకు మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు, పొయ్యి బూడిద గుప్పెడు వేసి ఇక వదిలేయాలి. ఎండుటాకులను మొదలు చుట్టూ బెత్తెడు మందాన పరిస్తే వేరుకు చలి తగలదు. కాఫీ పండ్ల పొట్టును ఎరువు చేసుకునేవారు బాగా మాగనిచ్చి వాడాలి. పచ్చిది పులిసి వేడెక్కి వేరును చంపుతుంది.

ఇంత చేసినా సంక్రాంతికి కనకాంబరం విరగబూస్తుందని ఆశపడనక్కరలేదు. ఆ రోజుల్లో మొక్క ప్రాణం నిలుపుకుంటే అదే పదివేలు. పండుగకు బంతి, చేమంతి ఉండనే ఉన్నాయి.

పీకేముందు గోరుతో గీకి చూడాలి

అన్ని జాగ్రత్తల తరువాత కూడా ఏదో ఒక రాత్రి చలి దెబ్బ తీస్తుంది. అప్పుడు చేసే పనిలోనే అసలు కిటుకంతా ఉంది.

మొదట అది చలో, తెగులో తేల్చుకోవాలి. చలి దెబ్బ ఒక్క రాత్రిలో, ఆరుబయట ఉన్న మొక్కలన్నిటికీ ఒకేసారి తగులుతుంది. పైన, వెలుపల ఉన్న ఆకులు ముందు నల్లబడతాయి. లోపలివి, నేలకు దగ్గరవి ఆలస్యంగా పోతాయి, లేదా మిగులుతాయి. తెగులు అలా కాదు. వరుసలో ఒక మొక్క, తరువాత దాని పక్కది, అలా నెమ్మదిగా పోతాయి. కనకాంబరానికి నులిపురుగులు వేళ్లను తొలిచే జబ్బు ఒకటుంది. ఆకులు చిన్నవై, పాలిపోయి, మొక్క గిడసబారుతుంది. అది వేసవిలోనూ వస్తుంది. వేళ్లు తీసి చూస్తే నల్లటి మచ్చలు కనబడతాయి. ఆ మొక్కను మాత్రం పీకి కాల్చెయ్యవలసిందే. ఆ చోట మళ్లీ కనకాంబరం పెట్టకుండా ఒకటి రెండేళ్లు బంతి వేసుకోవడం మంచిది. ఇంకొకటి కూడా ఉంది. చలికాలంలో నేల చల్లబడి వేరు సరిగా పనిచేయక ఆకులు పసుపెక్కుతాయి. బలం చాలలేదనుకుని ఎరువు గుమ్మరిస్తారు. తినలేని రోగికి విందు పెట్టినట్టే. నేల వెచ్చబడితే ఆ పసుపు చాలావరకు దానంతటదే పోతుంది.

చలి దెబ్బ అని తేలాక ఏమీ చేయకపోవడమే పెద్ద వైద్యం. నల్లబడ్డ ఆకులను, ఎండిన కొమ్మలను అప్పుడే కత్తిరించరాదు. చూడడానికి అసహ్యంగా ఉన్నా, ఆ ఎండు కొమ్మలే కింది మొదలుకు కప్పు. పైగా కోత పడితే మొక్క కొత్త చిగురు వేయబోతుంది, వెనుక వచ్చే చలికి అదీ పోతుంది. నీరు తగ్గించాలి. ఆకు లేని మొక్క నీరు తాగదు. అలవాటు చొప్పున పోస్తే చలికి బతికిన వేరు నీటికి చస్తుంది. మొదలు చుట్టూ ఎండుటాకు మరికొంత పోసి ఊరుకోవాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నది మైదానం మాట. కొండమీద అది మరికొన్నాళ్లు వెనుదిరిగి చూస్తూనే ఉంటుంది. మార్చి నడిమికి గోరుతో మొక్క బెరడును గీకి చూడాలి. పై కొమ్మ దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. గీకినచోట గోధుమరంగుగా, పొడిగా ఉంటే ఆ భాగం చచ్చినట్టు. ఎక్కడ లోపల పచ్చగా, తడిగా కనబడితే అక్కడినుంచి ప్రాణమున్నట్టు. ఆ పచ్చకు అంగుళం పైన పదునైన కత్తితో వాలుగా కోసెయ్యాలి. నేలదాకా ఎక్కడా పచ్చ కనబడకపోయినా తొందరపడరాదు. నేలకు రెండంగుళాల ఎత్తున మోడు వదిలి, మొదట్లో మన్ను గుల్లచేసి, పలుచగా నీరిస్తూ ఉగాది దాటేవరకు చూడాలి. వేరు బతికి ఉంటే మొదట్లోంచి ఎర్రకందుల్లాంటి మొగ్గలు పైకొస్తాయి. ఏప్రిల్ ఆఖరుకు కూడా రాకపోతే అప్పుడు పీకినా పాపం లేదు.

చిగురు బెత్తెడు ఎదిగాక ఎరువు వేయవచ్చు. దక్షిణపు గోడ పక్కన, వేరు చెడని మొక్క వేసవి నడిమికి కంకులు తీస్తుంది. కంకిలో పూలు కింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటూ రెండు మూడు వారాలు పూస్తాయి. రోజు విడిచి రోజు, పొద్దున్నే కోసుకోవచ్చు. కంకి పని అయ్యాక దాన్ని గిల్లేస్తే పక్కనుంచి కొత్తవి వస్తాయి. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర నాటికి, జనవరిలో చచ్చిందనుకున్న మొక్క పూలు బుట్టలో ఉండడం సాధ్యమే. పీకేసి కొత్త నారు పెట్టినవారికి ఆ వేళకు ఆకులే ఉంటాయి.

అయినా ఒక్క మొక్కనే నమ్ముకోరాదు. దసరా, దీపావళి మధ్య ప్రతి మంచి మొక్క నుంచి నాలుగైదు కొమ్మలు తీసి వేరు కట్టించి ఉంచుకోవడం తెలివైన పని. మరీ లేతవి, మరీ ముదురువి కాకుండా, పెన్సిలంత మందాన, మూడు నాలుగు కణుపులున్న ముక్కలు తీయాలి. కింది ఆకులు తుంచి, ఇసుక, మాగిన ఎరువు సమంగా కలిపిన డబ్బాలో రెండు కణుపులు లోపలికి వెళ్లేలా గుచ్చాలి. వసారాలో వెలుతురు పడే చోట ఉంచి చెమ్మ ఆరకుండా చూసుకుంటే నెల రోజుల్లో వేరు పోస్తాయి. పెరటి మొక్కలన్నీ పోయినా ఆ డబ్బా మిగులుతుంది. సంతలో "ఢిల్లీ కనకాంబరం" అని అమ్మే రకానికి ఇది తప్పనిసరి. అది గింజ కట్టదు, కొమ్మతోనే పెంచుకోవాలి. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క అంబర, అర్క కనక వంటి మేలురకాలను కూడా కొమ్మతో పెంచితేనే తల్లి గుణం తప్పక వస్తుంది.

మామూలు నాటు రకానికి గింజ ఉంటుంది గాని దాన్ని పట్టుకోవడం పిల్లలకు తెలిసినంత పెద్దలకు తెలియదు. ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే చిటుక్కున పేలి గింజలు దూరంగా విసిరేస్తుంది. తొలకరి జల్లు పడిందంటే గింజలన్నీ ఊరి మీద పోయినట్టే. కనుక కంకి ఎండుతుండగానే, వాన రాకముందే, పలుచటి గుడ్డ సంచి తొడిగి మూతి కట్టాలి. పేలిన గింజలు సంచిలోనే రాలుతాయి. వాటిని నీడన ఆరబెట్టి జూన్, జూలై నెలల్లో నారు పోసుకుంటే, చలి వచ్చే వేళకు మొక్క మొదలు కాస్త కర్రబారి ఉంటుంది. ఆలస్యంగా సెప్టెంబరులో పోసిన నారు మాత్రం ఆ చలికాలం కుండీలోనే, వసారాలోనే గడపాలి.